హఠాత్తుగా చెవి వినపడకపోతే మాత్రలా, చెవిలో ఇంజెక్షనా?

పొద్దున్నే ఫోను కుడిచెవికి ఆనించుకుంటే అవతలి గొంతు వినపడదు. ఎడమచెవికి మారిస్తే మామూలే. దూది కుక్కినట్టు దిబ్బడ, దానికి తోడు హోరు. మన ఇళ్లలో వెంటనే వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు పోసి, గులిమి నానుతుందని రెండు రోజులు చూస్తారు. గులిమే అయితే ఆగినా ముంచుకొచ్చేది లేదు (నూనె మాత్రం వద్దు). లోపలి చెవి దెబ్బతిని ఉంటే ఒక్కో రోజూ విలువైనదే.

నోరు మూసుకుని ‘మ్‌...’ అంటూ కూనిరాగం తీయండి. దిబ్బడ పడిన చెవిలోనే గట్టిగా మోగితే గులిమో నీరో అడ్డుపడి ఉండవచ్చు. బాగున్న చెవి వైపు మోగితే ఆ రోజే ఇ.ఎన్‌.టి. డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇది అనుమానానికే, తేల్చేది ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష). 72 గంటల్లోపు, వరసగా మూడు పౌనఃపున్యాల్లో (శ్రుతి స్థాయుల్లో) కనీసం 30 డెసిబెల్స్ వినికిడి పడిపోతే దీన్ని అత్యవసరంగా చూస్తారు. ఎక్కువమందిలో కారణం దొరకదు.

మందు సాధారణంగా స్టెరాయిడే, మాత్రలుగానో చెవిలో ఇంజెక్షనుగానో. 2011లో అమెరికాలో 250 మందిపై వచ్చిన అధ్యయనంలో మాత్రలు వాడినవారికి సగటున 30.7, ఇంజెక్షన్లు చేయించుకున్నవారికి 28.7 డెసిబెల్స్ మేర వినికిడి మెరుగైంది. దాదాపు సమానమే. కాబట్టి ‘ఏది మేలు’ అన్నది మందును బట్టి కాదు, మనిషిని బట్టి తేలుతుంది.

షుగరు లేనివారికి నా మొగ్గు మాత్రలకే. చవక, ఆ రోజే మొదలుపెట్టవచ్చు. నిద్ర పట్టదు, ఆకలి దంచుతుంది. రెండు వారాల పాటు ఓర్చుకోవచ్చు. చెప్పిన పద్ధతిలో తగ్గించుకుంటూ రావాలి తప్ప సొంతంగా ఆపకూడదు.

షుగరు అదుపులో లేనివారికి అవే మాత్రలు షుగరును ఇంకా పెంచి కొత్త తంటా తెస్తాయి. వారికి ఇంజెక్షనే నయం. కర్ణభేరిని మొద్దుబార్చి, సన్నని సూదితో మందు లోపలికి వదులుతారు. తర్వాత ఆ చెవి పైకి ఉండేలా అరగంట వరకు కదలకుండా పడుకోవాలి. కాసేపు గది గిర్రున తిరిగినట్టు ఉంటుంది. కర్ణభేరికి చిల్లు మిగిలిపోవడం అరుదు. అసలు ఇబ్బంది రాకపోకలు: ఇలా మూడు నాలుగు సార్లు వెళ్లాలి, ఊళ్లో ఇ.ఎన్‌.టి. లేకపోతే ప్రతిసారీ బస్సెక్కాలి.

మాత్రలు పనిచేయకపోతే, రెండు నుంచి ఆరు వారాల మధ్య ఇంజెక్షన్లు ప్రయత్నించవచ్చు. వినికిడి తిరిగి వచ్చినా ఎం.ఆర్‌.ఐ. మానకండి. వినికిడి నరం మీద గడ్డ (అది ఎం.ఆర్.ఐ.లోనే తేలుతుంది) ఉన్నవారిలోనూ కొందరికి స్టెరాయిడ్‌తో వినికిడి తిరిగొస్తుంది.