ఆర్క్ ఆఫ్ టేస్ట్, రెడ్ లిస్ట్: అంతరించిపోతున్న తిండి గురించి ఏది బాగా చెప్తుంది?

కనుమరుగైపోతున్న ఆహారాల్లో జనం దేనికి ఎక్కువ విలువ ఇస్తున్నారో చూద్దామని మొదలుపెట్టి రెండు ఉచిత సైట్ల దగ్గర తేలాను. ఒకటి స్థానిక తిండిని కాపాడుకుందామని ఇటలీలో పుట్టిన స్లో ఫుడ్ ఉద్యమం వాళ్ళ ఆర్క్ ఆఫ్ టేస్ట్, అంటే కనుమరుగయ్యే తిండి జాబితా. రెండోది ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ వాళ్ళ రెడ్ లిస్ట్, అంటే జంతువులు, మొక్కలు ఎంత ప్రమాదంలో ఉన్నాయో చెప్పే జాబితా. రెండూ పక్కపక్కన తెరిచి పెట్టుకుని చాలా రోజులు తిరగేశాను.

ముందు ఆర్క్ సంగతి. 1996లో మొదలైంది, ఇప్పుడు 6,000 పైనే పేర్లున్నాయి. గింజలు, పళ్ళు, గొర్రెలు, ఆవులు, జున్నులు, రొట్టెలు, ఉప్పు కూడా. దేశాన్ని బట్టి వెతకొచ్చు, రకాన్ని బట్టి వెతకొచ్చు, మనమే ఒక పేరు పంపొచ్చు కూడా. కంపెనీ బ్రాండ్లకు చోటు లేదు, అది నాకు బాగా నచ్చింది. తెలుగులో మాత్రం లేదు, ఇంగ్లిష్‌తో నెట్టుకురావాలి.

దీని బలమంతా కథల్లోనే ఉంది. ఒజెట్ అనే బంగాళాదుంప ఉంది, పొడుగ్గా, వేళ్ళలా ఉంటుంది. 1790ల్లో స్పెయిన్ వాళ్ళు అమెరికా వాయవ్య తీరంలో కొన్నాళ్ళు కోట కట్టుకుని ఉండి వెళ్ళిపోయారు, వాళ్ళు వదిలేసిన దుంపల్ని అక్కడి మకా అనే మూలవాసీ తెగ వాళ్ళు 200 ఏళ్ళు పెరట్లో పండించుకుంటూ వచ్చారని చెప్తారు. బయట ఎవరికీ తెలీదు, వాళ్ళకేమో అది రోజూ తినే దుంప. అమెరికా మూలవాసులైన నవాహో తెగ పెంచే చుర్రో గొర్రె కథ ఇంకా బరువైనది. 1930ల్లో అమెరికా ప్రభుత్వం మేత సరిపోవట్లేదని నవాహోల మందల్ని పెద్ద ఎత్తున తగ్గించేసింది, 1970లకి ఈ జాతివి 450 కూడా మిగల్లేదు. అప్పుడు కొందరు పట్టుదలగా వెతికి, కూడబెట్టి, మళ్ళీ పెంచారు, ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. నేత వాళ్ళకి ఆ ఊలే కావాలి, మాంసం కొనేవాళ్ళూ దొరికారు, అందుకే నిలబడింది. తింటేనే బతుకుతుందన్న మాట మొదట నాకు మింగుడుపడలేదు, కానీ ఈ గొర్రె విషయంలో అది నిజమే.

ఇక్కడే ఆర్క్‌తో నా పేచీ. ఏది ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే గుర్తు ఏదీ లేదు. అన్నీ ఒకే వరసలో కూర్చుంటాయి. రేపో మాపో పోయేదీ, కాస్త తగ్గినదీ ఒకేలా కనిపిస్తాయి.

ఆ పని రెడ్ లిస్ట్ చేస్తుంది. 1964 నుంచీ ఉన్నదే, జాతివారీగా ప్రమాద స్థాయి ఇస్తుంది. అందులో తిండికి సంబంధించినవి మాత్రమే ఏరుకుని చదివితే కథ తిరగబడింది. స్టర్జన్ చేపలు దాదాపు అన్నీ ప్రమాదంలో ఉన్నాయి, కారణాల్లో ముఖ్యమైంది కేవియర్ మోజు, అంటే ఈ చేపల గుడ్ల మీద మోజు. స్టర్జన్‌లలో బెలూగా రకం ఆడచేప గుడ్లు పెట్టే వయసుకి రావడానికే పదిహేనేళ్ళు పైన పడుతుంది, అంత ఓపిక ఎవరికుంది? పాములా పొడుగ్గా ఉండే యూరప్ ఈల్ చేపది ఇంకా ఘోరం. దాన్ని వ్యాపార స్థాయిలో పుట్టించడం ఇంతవరకు కుదరలేదు, కాబట్టి చెరువుల్లో పెంచేవాళ్ళు కూడా నదీముఖాల్లో పట్టిన గాజులాంటి పిల్లల్నే తెచ్చి పెంచాలి. 2010లో యూరోపియన్ యూనియన్ ఎగుమతి ఆపేసినా దొంగ రవాణా ఆగలేదు. అంటే వీటికి విలువ తక్కువై కాదు, ఎక్కువై ప్రాణం మీదికొచ్చింది. చుర్రో గొర్రెకి పనికొచ్చిన మందు, అంటే తినడం, వీటికి విషం.

ధర చూసి విలువ కడదామనుకుంటే అదీ కుదర్లేదు. 2019లో టోక్యో కొత్త సంవత్సరం వేలంలో 278 కిలోల బ్లూఫిన్ ట్యూనా చేప ఒకటి 33.36 కోట్ల యెన్‌కి పోయింది. అది పసిఫిక్ రకం. 2021లో రెడ్ లిస్ట్ దాన్ని కాస్త తక్కువ ప్రమాదపు వరసలోకి మార్చింది, అట్లాంటిక్ రకాన్నయితే ప్రమాదం లేని వాటిలోకే దించేసింది, వేటకి కోటాలు పెట్టి గట్టిగా అమలు చేశాక. అంత ధర పాడింది పేరుప్రతిష్ఠల కోసం, చేప కోసం కాదనుకుంటా.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది కాఫీ. ప్రపంచమంతా పొద్దున్నే తాగే అరబికా అనే కాఫీ జాతి, అడవుల్లో అంతరించే ప్రమాదం ఉన్నవాటిలో ఉంది. 124 అడవి కాఫీ జాతుల్లో 60 శాతం దాకా ముప్పులో ఉన్నాయని 2019లో లెక్క తేలింది. తోటల్లో కోట్ల చెట్లున్నాయి కదా అనిపిస్తుంది, కానీ రేపు తెగులొస్తే కొత్త గుణాల కోసం వెతకాల్సింది ఆ అడవి చెట్లలోనే. నా ప్రశ్నకి నా జవాబు ఇదే, అందరూ ఎక్కువ విలువిచ్చేదీ, ప్రమాదం సంగతి తక్కువమందికి తెలిసిందీ కాఫీయే.

రెడ్ లిస్ట్‌కీ పెద్ద లోటుంది. అది అడవి జాతుల్ని లెక్కపెడుతుంది, మనిషి పెంచిన రకాల్ని కాదు. 1950ల దాకా ఎగుమతి మార్కెట్‌ని ఏలిన గ్రో మిషెల్ అరటి పనామా తెగులు అనే శిలీంధ్ర వ్యాధికి దెబ్బతిని కావెండిష్ అనే ఇంకో అరటి రకానికి చోటిచ్చింది, ఇప్పుడు ఆ తెగులులోనే కొత్త రకం కావెండిష్ వెంట పడింది. రెడ్ లిస్ట్‌లో ఈ రెండు అరటి రకాలకీ పేజీ ఉండదు.

ఆర్క్‌కి అయిదుకి మూడున్నర, ప్రమాద స్థాయి గుర్తు పెడితే నాలుగున్నర. రెడ్ లిస్ట్‌కి నాలుగు, కాకపోతే చదువుతుంటే ఆకలి చచ్చిపోతుంది.