లాన్ తీసేసి కంకర పరిచాక: టెక్కలిలో మా ఇంటి అనుభవం

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ముంగిట్లో వేపచెట్టు కూలిపోయింది. నీడ పోయాక లాన్‌ని నిలబెట్టడం మా వల్ల కాలేదు. ఎండాకాలం రెండు పూటలా తడిపినా పసుపెక్కేది, బోరు చూస్తే అంత పోయదు. మరుసటి ఏడాది గడ్డి పీకించి రాళ్లు పరిపించాం.

రాయి కోసం మాకు దూరం వెళ్లక్కర్లేదు. టెక్కలి బ్లూ అని విదేశాలకు వెళ్లే గ్రానైట్ ఈ చుట్టుపక్కల కొండలదే. ఎక్కువ భాగం 20 ఎంఎం చిప్స్, అంటే కొట్టిన కంకర ముక్కలు, పోయించి, గుమ్మం దగ్గర మాత్రం అందానికి తెల్ల గులకరాళ్లు వేయించాం. వాడి చూశాక నా ఓటు చిప్స్‌కే. వాటి అంచులు ఒకదానికొకటి పట్టుకుంటాయి, నడిస్తే కదలవు. గులకరాళ్లు కాలి కింద జారతాయి, వానాకాలం రాగానే నాచు పట్టి తెలుపంతా పోతుంది. అమ్మ మాత్రం చిప్స్ మీద కాలు పెట్టిన రోజే, "ఇదేట్రా, రైలు కట్ట మీద నడిపిస్తన్నావు?" అంది. ఆవిడ కోసం గేటు దాకా నాపరాళ్లు వేయించక తప్పలేదు.

రెండంగుళాల మందం వేస్తే వంద చదరపు అడుగులకు దాదాపు 17 ఘనపుటడుగుల రాయి పడుతుంది, అంటే సుమారు ఏడు క్వింటాళ్లు. కింద నల్ల ప్లాస్టిక్ వద్దు, నీరు ఇంకక మడుగు కడుతుంది. నీరు దిగే జియోటెక్స్‌టైల్ గుడ్డ వేయించుకోండి. దానికీ తుంగ లొంగదు. భూమిలో గడ్డలుంటాయి కదా, సూదిలాంటి మొలకతో గుడ్డనే చీల్చుకుని వస్తుంది. రాళ్లు పోయకముందే ఆ గడ్డలు తవ్వి తీయించాలి. మిగతా కలుపు పైనుంచి వస్తుంది. ఆకులు, దుమ్ము రాళ్ల సందుల్లో చేరి మట్టవుతాయి, అందులో గింజలు మొలుస్తాయి. అమ్మినవాళ్లు "మెయింటెనెన్సే ఉండదు సార్" అన్నారు గానీ, పక్కింటి చెట్టు ఆకు రాల్చే రోజుల్లో వచ్చి చూడమనాలి. చీపురుతో ఊడిస్తే ఆకుతోపాటు రాయీ వస్తుంది. చివరికి గాలితో ఆకులు ఊదేసే బ్లోయర్ కొన్నాం.

అసలు ఇబ్బంది వేడి. మే నెలలో పగలంతా కాగిన రాయి చీకటి పడ్డాక కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. ముందుగది కిటికీ రాత్రి భోజనాలయ్యాకే తీస్తాం. గడ్డి ఉన్నప్పుడు సాయంత్రం అరుగు మీద కూర్చునేవాళ్లం, ఇప్పుడు డాబా మీదకెళ్తున్నాం.

అయినా తీసేయాలని లేదు. తుఫాను వానల్లో గోడల మీద బురద చిందడం పోయింది, బోరు నీళ్లు మొక్కలకు మిగులుతున్నాయి, గడ్డి కోసే మనిషి కోసం ఎదురుచూసే టెన్షన్ లేదు. మేస్త్రి వెనక పెరట్లోనూ వేద్దామన్నాడు. అక్కడ మామిడిచెట్టుంది, ఆ ఆకులు ఏరే ఓపిక మాకు లేదని వద్దన్నాను.