క్రిస్మస్ సెలవులకు అండమాన్: పెద్దవాళ్లతో, పిల్లలతో

డిసెంబరు చలి మా అత్తయ్య మోకాళ్లకు పడదు. పిల్లలకు వరుసగా సెలవులు దొరికేదేమో అప్పుడే. ఇద్దరికీ కుదిరే చోటు వెతికితే అండమాన్ తేలింది. ఆ నెలలోనూ అక్కడ పగటి వేడి ముప్పై డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, సముద్రపు నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల చివరి జల్లులు పడ్డాయి కానీ కాసేపటికే తెరిపిచ్చాయి.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది పొద్దు సంగతి. ఈ దీవులు ఎంతో తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందుకే డిసెంబరులో ఐదున్నర దాటేసరికి వెలుగు వస్తుంది, సాయంత్రం ఐదు దాటగానే సూర్యుడు దిగిపోతాడు. తొమ్మిదింటికి టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరేవాళ్లకు సగం రోజు చేజారినట్లే. మేము ఆరింటికల్లా బీచిలో ఉండేవాళ్లం. ఎండ ముదిరాక గదికి వచ్చి, భోజనాలు చేసి, పెద్దవాళ్లు ఓ కునుకు తీశాక మూడింటికి మళ్లీ కదిలేవాళ్లం. చిన్నపిల్లలకూ పెద్దవాళ్లకూ అంతకంటే అనువైన పద్ధతి లేదనిపించింది.

పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురం అని పేరు పెట్టారు. అక్కడ సెల్యులార్ జైలుకు ఒక పూట పూర్తిగా కేటాయించండి. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించిన ఈ కట్టడానికి ఒకప్పుడు ఏడు బారులు (వింగులు), ఇప్పుడు మిగిలినవి మూడు. ఒక బారు ముందుభాగం పక్కదాని వెనుక గోడకు ఎదురుగా ఉంటుంది, ఖైదీలు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా. మామయ్య ఒక ఖైదు గదిలోకి వెళ్లి, పైన ఎత్తున ఉన్న చిన్న గవాక్షం వైపు చాలాసేపు తలెత్తి చూశారు. “సముద్రం ఇంత దగ్గర. కానీ ఇక్కణ్నుంచి ఆకాశం ముక్క తప్ప ఏమీ కనబడదు” అన్నారు. మెట్లు చాలా ఉన్నాయి, అత్తయ్య కింది అంతస్తుతో సరిపెట్టుకున్నారు.

హేవ్‌లాక్ దీవిలో రాధానగర్ బీచి పేరు అందరూ విన్నదే. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో కెల్లా మేటి బీచి అని రాసింది. ఆ పొగడ్తకు అది తగినదే. అయితే పండుగ రోజుల్లో సూర్యాస్తమయానికి అక్కడ ఇసుక కనబడనంత జనం. పొద్దున్నే వెళ్లండి. బీచి పడమటి ముఖం, వెనుక దట్టమైన అడవి కాబట్టి ఉదయం చాలాసేపు నీడ ఉంటుంది, మనుషులు పలచగా ఉంటారు. ఎలిఫెంట్ బీచికి మాత్రం పెద్దవాళ్లను తీసుకెళ్లలేదు. పడవ ఎక్కడం, దిగడం మోకాళ్లకు కష్టం.

బస విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. హేవ్‌లాక్‌లో మేము దిగిన రిసార్టు క్రిస్మస్ ముందురోజు రాత్రి విందును తప్పనిసరి చేసి, తలకింత అని విడిగా వసూలు చేసింది. రాత్రి తొమ్మిది దాటాక మొదలైన ఆ విందులో పిల్లలు కుర్చీల్లోనే నిద్రపోయారు, అత్తయ్య మజ్జిగన్నంతో సరిపెట్టారు. గది బుక్ చేసేటప్పుడే ఆ రాత్రి విందు ఉందా, వద్దంటే మినహాయిస్తారా అని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

మా అందరి మనసు దోచింది నీల్ దీవి. చిన్నది, చదునైనది, ఆటోలో ఏ మూలకైనా కొద్దిసేపట్లో చేరవచ్చు. మా గది చిన్నదే, ఫోను సిగ్నలు అంతంతమాత్రమే, కానీ గడప దాటితే నేల సమానం, ఒక్క మెట్టు లేదు. అత్తయ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగింది అక్కడే. భరత్‌పూర్ బీచిలో అద్దాల అడుగున్న పడవ నడిపినతను మా మాటలు విని తెలుగులో పలకరించాడు. వాళ్ల తాతలది శ్రీకాకుళం వైపట. ఇక మామయ్యకు పగడాల మీద ధ్యాస లేదు, ఊళ్ల పేర్లే!

నీల్‌లోనే ఉన్న సహజ శిలాతోరణం చూడాలంటే పోటు తీసిన వేళకే వెళ్లాలి. ఆ వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, కాబట్టి ముందురోజే హోటల్లో అడగాలి. రాళ్ల మధ్య మిగిలిన చిన్న గుంటల్లో సముద్ర దోసకాయ అనే జీవి ఒకటి నల్లటి తాడు ముక్కలా కదలకుండా పడి ఉంది. మా చిన్నాడు దాని పక్కన గొంతుక్కూర్చుని, అది జరుగుతుందేమోనని ఊపిరి బిగబట్టాడు. దారంతా పదునైన రాళ్లు, పట్టున్న చెప్పులు తప్పనిసరి. బీచిలో ఏరిన గవ్వలు, పగడాలు దీవుల నుంచి బయటకు తేవడం నిషేధం, పిల్లల జేబులు ముందే చూసుకోండి.

దీవుల మధ్య ప్రయాణానికి ప్రైవేటు ఫెర్రీలు త్వరగా చేరుస్తాయి, కానీ చాలావాటిలో లోపల మూసిన గదిలో కూర్చోవాలి. కడుపులో తిప్పేవాళ్లకు ప్రభుత్వ ఫెర్రీ డెక్కు మీది గాలే నయం. పండుగ రోజుల్లో రెంటికీ గిరాకీ ఎక్కువ, కాబట్టి ముందు ఫెర్రీ టికెట్లు, ఆ తేదీలను బట్టి గదులు తీసుకోండి. సముద్రం బాగాలేకపోతే ఫెర్రీలు ఆపేస్తారు, అందుకని తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండండి.