పాకమా, రేజరా, క్రీమా: ఇంట్లో వెంట్రుకలు తీసుకోవడానికి ఏది మేలు?

మే నెల మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి అమీర్‌పేటలో దిగేసరికి చంకల దగ్గర కుర్తా తడిసి ఒంటికి అతుక్కుపోతుంది. ఆ చెమట, ఆ రాపిడి, మన చామనఛాయ చర్మం. ఈ మూడింటినీ పక్కన పెట్టి ‘ఏది ఎక్కువ రోజులు ఆగుతుంది’ అని మాత్రమే చూస్తే తర్వాత బాధపడాల్సి వస్తుంది. మన రంగు చర్మానికి చిన్న గీత పడ్డా, కాస్త కాలినా, అది మానాక నల్లమచ్చ మిగులుతుంది. తీసిన వెంట్రుక నెలకల్లా మళ్ళీ వస్తుంది, మచ్చ పోవడానికి మాత్రం నెలలు పడుతుంది. అందుకే ఏ పద్ధతైనా నేను ముందు చూసేది మచ్చ మిగులుస్తుందా లేదా అని.

ఈ మాట నాకు క్రీమ్ నేర్పింది. డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ బాత్రూమ్‌లో పిక్కలకు, మోకాలి వెనక క్రీమ్ రాసుకున్నాను. డబ్బా మీద పది నిమిషాలు దాటొద్దని ఉంది. వెంట్రుకలు ఇంకా పూర్తిగా ఊడలేదని ఇంకో అయిదు నిమిషాలు ఉంచాను. కడిగేసరికి మోకాలి వెనక మడతలో చర్మం ఎర్రగా కందిపోయి, రాత్రంతా మంట. ఆ చోట నలుపు తగ్గడానికి దాదాపు ఏడాది పట్టింది. అలా ఎందుకైందో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఈ క్రీముల్లో ఉండేది థయోగ్లైకోలేట్ అనే రసాయనం, దానికి తోడు ఘాటైన క్షారం. వెంట్రుకలో ఉండే కెరటిన్ అనే ప్రోటీన్‌ను పట్టి ఉంచే గంధకపు బంధాలను అది తెంపేస్తుంది. ఆ కుళ్ళిన గుడ్డు లాంటి వాసన అక్కడిదే. మన పైచర్మం కూడా కెరటినే కాబట్టి, సమయం దాటితే వెంట్రుక తర్వాత అది చర్మం జోలికే వస్తుంది. నొప్పి లేదు, చకచకా అయిపోతుంది, నిజమే. వాడేవాళ్ళు ముందురోజు మోచేతి దగ్గర రూపాయి బిళ్ళంత రాసి చూసుకోండి. గడియారం పక్కన పెట్టుకోండి. చంకల్లో మాత్రం వద్దని నేను గట్టిగా చెబుతాను.

రేజర్ అనగానే మన ఇళ్ళల్లో వినిపించేది ఒకటే మాట: గీస్తే ఒత్తుగా, మొద్దుగా వస్తాయని. రావు. అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త 1928లోనే మగవాళ్ళ గడ్డాల మీద పరిశీలించి, గీసినంత మాత్రాన వెంట్రుక లావు గానీ పెరిగే వేగం గానీ మారదని తేల్చారు. సహజంగా పెరిగిన వెంట్రుక కొస సన్నగా ఉంటుంది. బ్లేడు కోశాక ఆ సన్నని కొస పోయి మొండి చివర మిగులుతుంది. చేతికి గరుగ్గా తగిలేది అదే.

రేజర్‌తో అసలు ఇబ్బంది మన నీళ్ళతో. బోరు నీళ్ళు వాడే ఇళ్ళల్లో సబ్బు సరిగా నురగ రాదు, ఒంటి మీద తెల్లటి పొర కడుతుంది. దాని మీద బ్లేడు జారదు, గీరుకుంటుంది. కొబ్బరినూనె గానీ తలకి వాడే కండిషనర్ గానీ రాసుకుని, వెంట్రుక పెరిగే దిశలోనే, నొక్కకుండా గీస్తే చంకలకు ఇంతకంటే సురక్షితమైనది నాకు కనబడలేదు. రెండు మూడు రోజులకోసారి చేసుకోవాలి, అదొక్కటే లోటు. అయిదారు సార్లు వాడాక బ్లేడు మార్చేయాలి. హాస్టల్లో రూమ్మేట్ రేజర్ మాత్రం ఎంత స్నేహమైనా తీసుకోవద్దు. కనబడని గాటు చాలు, హెపటైటిస్ బి లాంటివి రక్తం నుంచి రక్తానికి పాకడానికి. మర్మాంగాల దగ్గర అయితే బ్లేడు కూడా వద్దు, ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించుకుంటే చాలు.

చేతులకు, కాళ్ళకు నా ఓటు పంచదార పాకానికే. నేర్పింది చిన్నమ్మ. ఒక గ్లాసు పంచదార, రెండు చెంచాల నిమ్మరసం, రెండు చెంచాల నీళ్ళు, సన్నని మంట. నిమ్మరసం వాసన కోసం కాదు. ఆ పులుపు పంచదారను విడగొట్టి, చల్లారాక మళ్ళీ పలుకు కట్టకుండా చూస్తుంది. అరిసెల పాకం పట్టేవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు: పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక చుక్క వేస్తే మెత్తటి ఉండ రావాలి. అరిసెలకంటే ఒక్క పిసరు ముదరాలి, రంగు తేనె రంగుకి రావాలి. “పాకం వేలికి అంటాలె, మళ్ళ వేలిని విడవాలె బిడ్డా. విడవకుంటే లేత, పగిలితే ముదురు” అనేది చిన్నమ్మ. ఇప్పటికీ నేను చూసే పరీక్ష అదే.

బాగా చల్లారి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. మరిగే పాకం మీద పడితే అంటుకుపోయి కాలుస్తుంది, నీళ్ళలా జారిపోదు. తర్వాత ఉండని చేతిలోకి తీసుకుని తెల్లబడేదాకా సాగదీసి, వెంట్రుకకు ఎదురుగా పూసి, వెంట్రుక పెరిగే వైపే చటుక్కున లాగాలి. పార్లర్ వ్యాక్స్ దీనికి తిరగబడి ఉంటుంది: వెంట్రుక వైపు పూసి ఎదురు లాగుతారు. ఎదురు లాగినప్పుడు వెంట్రుక మధ్యలో తెగి, చర్మం కిందే వంకర తిరిగి పొక్కు లేచే అవకాశం ఎక్కువ. ఆ పొక్కు గిల్లితే మళ్ళీ మచ్చే. ఇంకో సుఖం, పాకం గోరువెచ్చని నీళ్ళకి కరిగిపోతుంది, కిరోసినూ నూనే అక్కర్లేదు. బాత్రూమ్ గచ్చు మాత్రం వెంటనే కడగండి, లేకపోతే తెల్లారేసరికి చీమల బారు.

వెంట్రుక బియ్యపు గింజంత పొడుగు ఉండాలి, అంతకన్నా పొట్టిగా ఉంటే పట్టు దొరకదు. మూడు నాలుగు వారాలు నిశ్చింత. ఎండాకాలంలో చెమటకి పాకం జారిపోతుంది, కాబట్టి కాస్త పౌడర్ అద్దుకుని, ఫ్యాన్ కింద కూర్చుని పొద్దున్నే చేసుకోవాలి. మొటిమలకు రెటినాయిడ్ క్రీములు, ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడేవాళ్ళు పాకమైనా వ్యాక్సైనా ముట్టకూడదు, వెంట్రుకతో పాటు చర్మం లేచివస్తుంది. మధుమేహంతో కాళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళకి వేడి తెలియదు, వాళ్ళకీ వద్దు.

వెంట్రుకల్ని కుదురుతో సహా పీకే చిన్న కరెంటు మెషీన్ ఎపిలేటర్ గురించి రెండు ముక్కలు: పొట్టి వెంట్రుకలను కూడా పీకుతుంది, మొదటి రెండు మూడు సార్లు ఏడిపిస్తుంది, లోపలికి పెరిగే వెంట్రుకల బెడద దానికీ ఉంది.

ఇప్పుడు అందరూ అడిగేది ఇంట్లో వాడే ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) మెషీన్ గురించి. వెంట్రుకకు నలుపునిచ్చే మెలనిన్ అనే రంగు పదార్థం ఆ మెషీన్ వెలుతురును పీల్చుకుని వేడెక్కి కుదురును బలహీనపరుస్తుంది. చర్మంలో కూడా మెలనిన్ ఎక్కువున్నవాళ్ళకి ఆ వేడి చర్మానికే తగులుతుంది. చర్మ రంగుల్ని బాగా తెల్లటి దాని నుంచి బాగా నల్లటి దాని దాకా ఆరు రకాలుగా విడదీసే ఫిట్జ్‌పాట్రిక్ కొలతలో మనవాళ్ళు ఎక్కువమంది నాలుగు, అయిదు రకాల్లో ఉంటారు. ఆరో రకానికి ఇంటి మెషీన్లు వద్దు, అయిదో రకానికి కూడా కొన్ని కంపెనీలే వద్దంటాయి. వేలకు వేలు పోసే ముందు పెట్టె మీది రంగుల పట్టీ పక్కన మీ ముంజేయి పెట్టి పగటి వెలుతురులో చూసుకోండి. తెల్లబడిన వెంట్రుకకు అది పనిచేయదు. వాడే రోజుల్లో పాకం, వ్యాక్స్ ఆపేసి రేజరే వాడాలి. ఎందుకంటే వెలుతురు పట్టడానికి కుదుట్లో వెంట్రుక ఉండాలి.

ముఖానికి నేను దారంతో థ్రెడింగ్ తప్ప ఏదీ ఒప్పుకోను. అమ్మమ్మలు పెట్టే నువ్వులనూనె, సున్నిపిండి నలుగు ఒంటికి మంచిదే, గట్టిగా రుద్దితే సన్నని నూగు కొంత రాలుతుంది కూడా. కుదుళ్ళను మాత్రం అది ఆపలేదు. గడ్డం కింద ఉన్నట్టుండి నల్లగా, బిరుసుగా వెంట్రుకలు మొదలై, నెలసరి కూడా తప్పుతుంటే, ఏది వాడాలని స్నేహితుల్ని అడగడం ఆపి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. అది పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య కావచ్చు. రక్తపరీక్ష, స్కానింగ్ చేయించుకుని మందులు మొదలుపెడితే, కొత్త వెంట్రుకలు తగ్గడం కనబడటానికే ఆర్నెల్లు పడుతుంది. ఎంత ముందు వెళ్తే అంత మంచిది.