సోల్‌సీక్: పేరు తెలిస్తే వరం, తెలియకపోతే వెతుకులాట

కొత్త ఆల్బమ్‌ను వెతకడంలో చిక్కు ఒక్కటే: ఎక్కడ వెతకబోయినా ముందుగా పేరు టైపు చేయమంటారు, కొత్తదాని విషయంలో మనకు తెలియనిది ఆ పేరే. సంగీతపు ఫైళ్ళను పంచుకునే సోల్‌సీక్ అనే ప్రోగ్రామును చాలాకాలంగా వాడుతున్నాను గనుక దాని మంచిచెడ్డలు రాద్దామని కూర్చుంటే మొదట తోచినది ఈ సంగతే. పేరు తెలిసిన పాత సంగీతాన్ని, అందులోనూ దుకాణాల్లోనూ స్ట్రీమింగ్ సేవల్లోనూ జాడ లేకుండా పోయినదాన్ని వెలికితీయడంలో దీనికి సాటి వచ్చేది నాకు మరొకటి కనబడలేదు. నిన్నో మొన్నో విడుదలైన ఆల్బమ్ కోసం దీన్ని తెరిచేవారు మాత్రం వేరే దారి చూసుకోవడం మేలు. అయితే ఆ రెండో మాటకు ఒక మినహాయింపు ఉంది, దాని దగ్గరికి తరువాత వస్తాను.

పాటల ఫైళ్ళను పంచుకునే ప్రోగ్రాము నాప్‌స్టర్ 1999లో మొదలై, రికార్డు కంపెనీలు వేసిన దావాతో 2001 జులైలో మూతపడింది. ఆ నాప్‌స్టర్‌లోనే పనిచేసిన నిర్ అర్బెల్ అనే ప్రోగ్రామరు సోల్‌సీక్‌ను రూపొందించారు. మొదట్లో దీని చుట్టూ చేరినవారు ఎక్కువగా ఎలక్ట్రానిక్ సంగీతాభిమానులు. ఇదే కోవలో ఎంతో పేరు తెచ్చుకున్న లైమ్‌వైర్‌ను 2010 అక్టోబరులో కోర్టు ఉత్తర్వు ఆపేసింది. కజా వంటివి ఈనాటివారికి పేరుగా కూడా తెలియవు. సోల్‌సీక్ మాత్రం పెద్దగా ఎవరి కంటా పడకుండా నేటికీ నడుస్తోంది. ఇందులో ప్రకటనలు లేవు, నెలవారీ చందా లేదు. విరాళం ఇచ్చినవారికి కొన్నాళ్ళపాటు డౌన్‌లోడ్ క్యూలో ముందు వరుస దక్కుతుంది, అంతే.

పని తీరు ఇలా ఉంటుంది. మన కంప్యూటరులో ఒక ఫోల్డర్‌ను పంచుకోవడానికి కేటాయిస్తాం, ఇతరులు తమవి కేటాయిస్తారు. కేంద్ర సర్వరు అందరినీ ఒకరికొకరిని కలుపుతుందే తప్ప ఫైళ్ళేవీ దాని దగ్గర ఉండవు; అవి నేరుగా ఒక మనిషి కంప్యూటరు నుంచి మరో మనిషి కంప్యూటరుకు వెళతాయి. పేరు కొట్టి వెతికితే, ఎవరి దగ్గర ఉంది, ఏ ఫోల్డర్‌లో ఉంది, పాట నిడివి ఎంత, బిట్‌రేటు (ఒక్కో సెకను ధ్వనికి వాడిన డేటా) ఎంత, వారి అప్‌లోడ్ వేగం ఎంత, క్యూలో మనకన్నా ముందు ఎంతమంది ఉన్నారు అన్నవన్నీ వరుసగా కనిపిస్తాయి. బ్రామ్ కోహెన్ 2001లో తెచ్చిన బిట్‌టోరెంట్‌లో ఒకే ఫైలు ముక్కముక్కలుగా పదిమంది దగ్గరినుంచి వచ్చి చేరుతుంది గనుక ఒకరు వెళ్ళిపోయినా మిగతావారు ఆదుకుంటారు. సోల్‌సీక్‌లో ఆ సౌకర్యం లేదు. ఇచ్చేవారు ఒక్కరే, వారు కంప్యూటరు ఆపి నిద్రకు ఉపక్రమిస్తే తొమ్మిది పాటల ఆల్బమ్ ఏడో పాట దగ్గరే ఆగిపోతుంది. మళ్ళీ వారు ఎప్పుడు వస్తారో, అసలు వస్తారో రారో చెప్పేవారు ఉండరు. దీన్ని లోపంగా లెక్కించేవారు చాలామంది ఉన్నారు గానీ నేను ఆ కోవలోకి చేరను. అవతల ఉన్నది యంత్రం కాదు, మనిషి అని గుర్తుచేసేది ఆ ఆగిపోవడమే, ఈ ప్రోగ్రాము విలువంతా ఆ మనిషిలోనే ఉంది.

ఒక్క హెచ్చరిక: రౌటరులో ఈ ప్రోగ్రాముకు సంబంధించిన పోర్టు తెరిచి ఉంచకపోతే కనెక్షన్లలో కొన్ని కుదరవు. ఏమీ రావడం లేదని విసుగెత్తి తీసేసేవారిలో ఎక్కువమంది ఈ ఒక్క పని చేయనివారే అయి ఉంటారని నా అనుమానం. అలాగే, ఏమీ పంచుకోకుండా తీసుకుపోవడానికే వచ్చేవారికి ఫైళ్ళు ఇవ్వడానికి నిరాకరించేవారు ఇక్కడ తక్కువేమీ కాదు. అది న్యాయమే.

ఇక పేర్ల సంగతి. ఫలితాలను నిర్ణయించేది ఎవరో ఒకరు తన ఫైలుకూ ఫోల్డర్‌కూ పెట్టుకున్న పేరు. దాన్ని సరిచూసే గ్రంథాలయాధికారి ఎవరూ లేరు. ఐస్‌లాండ్ గాయని బియార్క్ పేరులోని అక్షరం మీద రెండు చుక్కలు పెట్టి రాసేవారు కొందరు, చుక్కలు వదిలేసేవారు కొందరు. మూడు ఆశ్చర్యార్థక చిహ్నాలనే పేరుగా పెట్టుకున్న అమెరికన్ బృందం ఒకటి ఉంది. విరామచిహ్నాలను లెక్కలోకి తీసుకోని వెతుకులాటలో అటువంటి బృందాన్ని ఎలా పట్టుకోవాలి? బృందం పేరే ఆల్బమ్‌కూ పెట్టినప్పుడు, ఆ పేరు కాస్తా నిత్యం వాడే మామూలు మాట అయినప్పుడు, వచ్చే వందల ఫలితాల్లో మనది ఏదో తేల్చుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది. అక్కరలేని మాట ముందు మైనస్ గుర్తు పెట్టి దాన్ని తప్పించే వీలు ఉంది గనుక సరిపోయింది గానీ, లేకపోతే ఈ పని మానేసి ఉండేవాణ్ణే. పాటలన్నిటికీ ‘ట్రాక్ 01’, ‘ట్రాక్ 02’ అని పేర్లు పెట్టి వదిలేసేవారి గురించి ఇక్కడ రాయకపోవడమే మర్యాద.

దొరికినదల్లా మంచిదని కూడా అనుకోకూడదు. నలభై అయిదు నిమిషాల ఆల్బమ్ 128 కిలోబిట్ల ఎంపీ3గా సుమారు 43 మెగాబైట్లు ఉంటుంది, 320 కిలోబిట్లలో 108 దాకా పెరుగుతుంది, నష్టం లేకుండా కుదించే ఫ్లాక్ రూపంలో అయితే సంగీతాన్ని బట్టి మూడు వందల చుట్టుపక్కల తేలుతుంది. కనుక పరిమాణం పెద్దగా ఉంటే నాణ్యత కూడా ఉంటుందని అనుకోవడం సహజం. మోసం ఈ నమ్మకం చాటునే సాగుతుంది. ఒకసారి, పేరు అనవసరం, సోల్‌సీక్‌కు ఏ సంబంధమూ లేని ఒక డౌన్‌లోడ్ సైటులో కొత్త ఆల్బమ్ ఫ్లాక్ రూపంలో ఉందని చూసి దించుకున్నాను. వింటుంటే తాళాల ధ్వని ఇసుక రాలినట్టుంది. ఫైలును ఆడాసిటీ అనే ధ్వని సవరణ ప్రోగ్రాములో తెరిచి, ఏ స్థాయి స్వరాలు ఎంత ఉన్నాయో రంగుల్లో చూపే స్పెక్ట్రోగ్రామ్ అనే బొమ్మ చూశాను. అడుగున ఎర్రగా, నారింజ రంగులో నిండుగా ఉన్న బొమ్మ పదహారు కిలోహెర్ట్జ్ దగ్గరికి రాగానే స్కేలు పెట్టి కోసినట్టు ఆగిపోయింది. ఆ పైన ఉన్నదంతా ఒట్టి ఖాళీ. తక్కువ బిట్‌రేటు ఎంపీ3లను తయారుచేసే ఎన్‌కోడర్లు స్థలం ఆదా చేయడానికి పై స్వరాలను ఆ మేరకు కత్తిరించేస్తాయి. ఎవరో అటువంటి ఎంపీ3ని తెచ్చి, ఫ్లాక్‌గా మార్చి, అసలుదని పెట్టారన్నమాట. పోయిన స్వరాలు మళ్ళీ రావు, ఫైలు బరువు మాత్రం పెరుగుతుంది. ఆనాటినుంచి ఎక్కడి నుంచి తెచ్చుకున్న ఫైలునైనా ముందు ఒకసారి ఆ బొమ్మలో చూడనిదే నా సంగ్రహంలో చేర్చుకోవడం లేదు.

కొత్త ఆల్బమ్‌ల విషయంలో ఈ బెడద రెట్టింపవుతుంది. 2015 జులై 10 నుంచి ప్రపంచమంతటా కొత్త ఆల్బమ్‌లు శుక్రవారం నాడే విడుదలవుతున్నాయి. అంతకుముందు ఒక్కో దేశానికి ఒక్కో రోజు ఉండేది. అన్నీ ఒకేనాడు మీదపడడంతో, వినేవారికి వారం వారం వరద వచ్చిపోయినట్టే ఉంటుంది, చేతిలో చిక్కేది గుప్పెడు. ఆ శుక్రవారం దాకా ఆగలేక ముందే లీకైన ప్రతి కోసం వెతికేవారికి దొరికేవాటిలో నకిలీలు, వేరే బృందం పాటలకు తగిలించిన పేర్లు, మధ్యలో తెగిపోయిన ఫైళ్ళు చాలా ఉంటాయి. 2003లో మడోన్నా తన కొత్త పాటల పేర్లతో నకిలీ ఫైళ్ళను తానే ఈ నెట్‌వర్కుల్లోకి వదిలారు. ఆశగా దించుకున్నవారికి పాట బదులు ఆమె పెట్టిన తిట్టు వినిపించింది. నన్నడిగితే ఆ తిట్టు కూడా ఒక ప్రచురణే, కొందరు దాన్నీ దాచుకుని ఉంటారు.

చట్టం మాట దాటవేయలేను. ఫైళ్ళు పంచుకునే ప్రోగ్రామును వాడడం నేరం కాదు గానీ, హక్కుదారుల అనుమతి లేని సంగీతాన్ని దానిద్వారా పంచడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధమే. అనుమతి ఉన్న సంగీతం కూడా తక్కువేమీ లేదు: స్వేచ్ఛగా పంచుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ అనుమతితో నెట్‌లేబుళ్ళు (ఇంటర్నెట్‌లోనే సంగీతం విడుదల చేసే సంస్థలు) విడుదల చేసినవి, తమ కచేరీలను రికార్డు చేసుకుని లాభాపేక్ష లేకుండా పంచుకోవచ్చని గ్రేట్‌ఫుల్ డెడ్ వంటి బృందాలు అనుమతించినవి, స్వయంగా కళాకారులే వదిలినవి. నేను పంచే ఫోల్డర్‌లో ఉన్నవి ఈ కోవకు చెందినవే.

ఇప్పుడు ఆ మినహాయింపు. సోల్‌సీక్‌లో వెతుకులాట కన్నా విలువైనది వేరే ఒకటి ఉంది: ఫలితాల్లో కనిపించిన వ్యక్తి పేరు మీద నొక్కి వారు పంచిన ఫోల్డర్లన్నీ తెరిచి చూడవచ్చు. స్ట్రీమింగ్ సేవల సిఫారసులు మనం నిన్న విన్నదానికి దగ్గరి చుట్టాలనే తెచ్చి కూర్చోబెడతాయి. ఒక మనిషి అల్మరా అలా ఉండదు, అందులో పొంతన లేనివి పక్కపక్కనే ఉంటాయి. గిటారు, శ్రుతిపెట్టె మాత్రమే ఉన్న ఒక నెట్‌లేబుల్ ఆల్బమ్ కోసం వెతుకుతూ ఒకరి ఫోల్డర్లోకి వెళ్ళాను. మూడే విభాగాలు ఉన్నాయి: ‘విన్నవి’, ‘మళ్ళీ వినాలి’, ‘ఇంకా విననివి’. మూడోది మిగతా రెండింటినీ కలిపినదానికన్నా పెద్దది. నాకు తోటి రోగి కనబడినట్టు అనిపించింది. ‘మళ్ళీ వినాలి’ అన్నదానిలో ఉన్నవి పదకొండే ఆల్బమ్‌లు, వాటిలో తొమ్మిదింటి పేర్లు నేను ఎన్నడూ విననివి, ఆ తొమ్మిదిలో రెండు ఆ ఏడాది వచ్చినవి. విడుదల పట్టికలూ సమీక్షలూ తిరగేసినా నా కంట పడని కొత్త ఆల్బమ్‌లు రెండు ఈ విధంగా వచ్చి ఒళ్ళో పడ్డాయి. కాబట్టి కొత్తదాని కోసం సోల్‌సీక్‌లో వెతకకూడదు, అక్కడ పేర్లు ఏరుకోవాలి.

ఏరుకున్న పేరును పట్టుకుని ముందుకు పోవడానికి డిస్కాగ్స్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే రెండు సమాచార నిధులు ఉన్నాయి. రెండూ వాడేవారు చేతులు కలిపి నింపినవే. అక్కడ ఆల్బమ్‌ను ఎవరు రికార్డు చేశారో, ఏ లేబుల్ వేసిందో చూసి, అదే లేబుల్ నుంచి వచ్చిన మిగతావాటి మీదికి వెళితే కొత్తవి ఒకదాని వెంట ఒకటి తగులుతాయి. నచ్చినది 2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్‌లో ఉంటే అక్కడే కొంటాను. చాలా ఆల్బమ్‌లను కొనడానికి ముందు పూర్తిగా వినవచ్చు, కొన్నాక ఫ్లాక్ రూపంలోనే దించుకోవచ్చు, ఆ స్పెక్ట్రోగ్రామ్ గొడవ ఉండదు. పేరు తెలియనిదే అక్కడ కూడా దారీతెన్నూ దొరకదన్నది నా ఫిర్యాదు కాదు, మొదట చెప్పిన చిక్కే.

ప్రోగ్రాము రూపు గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. అధికారిక సోల్‌సీక్‌క్యూటీ ముఖం పాతకాలపుది, మొదటిసారి చూసేవారికి ఏ ట్యాబు దేనికో అర్థం కావడానికి కొంత సమయం పడుతుంది. నికోటిన్‌ ప్లస్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాముతో కూడా ఇదే నెట్‌వర్కులోకి వెళ్ళవచ్చు. నేను వాడేది అదే. కోరికల జాబితా అనే సదుపాయం మాత్రం రెండింటిలోనూ ఉంది: దొరకని ఆల్బమ్ పేరు అందులో రాసిపెడితే, ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ కొంత విరామంతో అదే మళ్ళీ మళ్ళీ వెతుకుతుంది. నా జాబితాలో ఇప్పుడు పద్నాలుగు పేర్లు ఉన్నాయి, అన్నీ పాతవే. కొత్తది ఒక్కటీ లేదు, ఉండే వీలూ లేదు.

ఇది రాస్తున్నంతసేపూ పక్కన ప్రోగ్రాము తెరిచే ఉంది. అప్‌లోడ్ల పట్టికలో ఒక పచ్చని గీత సాగుతోంది. ముక్కూమొగం తెలియని ఎవరో నా దగ్గరున్న ఒక నెట్‌లేబుల్ ఆల్బమ్‌ను తీసుకుంటున్నారు, నాలుగో పాట దాకా వెళ్ళింది. ఆ పేరు మీద నొక్కి వారి ఫోల్డర్లు తెరిచాను. జాబితా పొడవుగా ఉంది, ఇంకా లోడవుతోంది.