మల్లూరు జలధార, అత్తమ్మ ఊరి చాకిరేవు

బొగత జలపాతం చూసి అటు నుంచి అటే వెనక్కి రావడం మాకు అలవాటు. ఈసారి అత్తమ్మ పట్టుబట్టింది, ముందు మల్లూరు పోవాల్సిందేనని.

హనుమకొండ నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం దాటి మంగపేట వైపు పోవాలి. తెల్లవారుజామున బయల్దేరడం మేలు. తాడ్వాయి అడవి దారి చల్లగా ఉంటుంది. టిఫిన్ మాత్రం ఏటూరునాగారంలోనే కానిచ్చేయండి.

మల్లూరు గుట్ట మీద హేమాచల లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకుని చింతామణి జలధార దగ్గరికి వెళ్లాం. బొగతలా హోరెత్తే నీళ్లు కావివి. గుట్టలోంచి సన్నగా వస్తాయి. చెట్ల వేర్లను తాకుతూ వస్తాయి కాబట్టి ఒంటికి మంచివని భక్తుల నమ్మకం. అందుకే అందరి చేతుల్లో సీసాలు, క్యాన్లు. దోసిలి పట్టి తాగాను. చల్లగా, కమ్మగా ఉన్నాయి.

ఆ పక్కనే ఒకాయన తలకు షాంపూ రుద్దుకుంటున్నాడు. నురగ కిందికి పోతోంది. "బిడ్డా, కింద తాగేటోళ్లున్నరు, జర జూడు" అంది అత్తమ్మ. ఆయన సర్దుకుని పక్కకు జరిగాడు.

ఆ రాత్రి ములుగు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. మంచి గది అని చెప్పారు గానీ దుప్పట్లు ముక్కిన వాసన, వేడి నీళ్లు లేవు. పిల్లలతో వెళ్తే గది చూశాకే డబ్బులు కట్టండి.

పొద్దున అత్తమ్మ పుట్టిన ఊరికి పోయాం. వాగు ఒడ్డున పాత చాకిరేవు ఇంకా ఉంది. నాలుగు బండల్లో ఒకటి మధ్యలో పళ్లెంలా గుంట పడి, అద్దంలా నున్నగా ఉంది. ఎన్ని తరాల బట్టలు దాని మీద పడ్డాయో! మురికి బట్టల్ని చౌడు మట్టి కలిపిన నీళ్లలో ముంచి, బాన మీద పేర్చి, రాత్రంతా ఆవిరికి ఉబ్బ పెట్టేవారట. చౌడులోని క్షారమే జిడ్డును విడగొట్టేది. తెల్లారాక ఈ బండల మీద ఉతుకుడు.

"మరి తాగే నీళ్లో?" అని అడిగాను. అత్తమ్మ వాగు ఎగువకు చెయ్యి చూపించింది. అక్కడ ఇసుకలో చెలిమె తీసి, ఊరిన నీళ్లు ముంతతో తోడుకునేవారట. రేవు మాత్రం ఎప్పుడూ దిగువనే. చెలిమె దగ్గర కాళ్లు కూడా కడగనిచ్చేవారు కాదట.

మల్లూరు పోయేవాళ్లు ఖాళీ క్యాన్ తీసుకెళ్లండి. సబ్బు, షాంపూ ఇంట్లోనే వదిలేయండి.