అంత్యక్రియల సేవ: పనిలో లోటు లేదు, బిల్లులోనే పేచీ

మా పెదనాన్న కాలం చేసినప్పుడు హన్మకొండలో అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఒక సంస్థకు పని అప్పగించాము. పని విషయంలో వారిని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. దుబాయి నుండి కొడుకు వచ్చేవరకు ఫ్రీజర్ బాక్సుకు కరెంటు ఇబ్బంది రాకుండా ఇన్వర్టర్ తెచ్చి పెట్టారు. స్నానం చేయించి పాడె మీదికి చేర్చేదాకా పనివారు ఎంతో మర్యాదగా నడుచుకున్నారు. వైకుంఠ రథం, డప్పులు, కట్టెలు అన్నీ వేళకు అందాయి.

డబ్బు దగ్గర మాత్రం తీరు మారింది. ఫోనులో అన్నీ కలిపి ఒకే ధర చెప్పినవారు, శవయాత్ర బయలుదేరే ముందు బాక్సు అద్దె రోజుకింత అని, కట్టెలు వేరని మరికొంత అడిగారు. ఇంటి ముందు పాడె ఉండగా బేరమాడే ఇల్లు ఏదీ ఉండదు కనుక, ఆ సమయంలో అడగడమే అన్యాయమని నేను భావిస్తున్నాను.

తరువాత బిల్లు అడిగితే మొదట చిన్న చీటీ ఇచ్చారు. అందులో జీఎస్టీ కూడా వేశారు. మృతదేహం రవాణాతో సహా అంత్యక్రియల సేవలను 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టంలోని మూడవ షెడ్యూలు పన్ను పరిధిలోకి రానీయలేదు. ఆ మాట చెప్పిన మీదట పన్ను సొమ్ము తిరిగి ఇచ్చారు. సేవ అందించి బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రుసుము లేకుండానే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు.

వీరిని పిలవదలచినవారు బాక్సు అద్దె, రథం కిరాయి, కట్టెల ధర విడివిడిగా వాట్సాప్‌లో రాయించుకున్న తరువాతనే అడ్వాన్సు ఇవ్వాలి. ఆ లెక్కలు కర్మ చేసే కొడుకు మీద పెట్టకుండా అల్లుడో మేనల్లుడో చూసుకోవడం మంచిది. ప్రభుత్వ ఆసుపత్రిలో మరణం సంభవిస్తే, ప్రైవేటు బండి మాట్లాడే ముందు ఉచిత పార్థివ వాహనం ఉందేమో అక్కడే అడగాలి.

అదనంగా తీసుకున్న అద్దె సంగతి ఇంకా తేలలేదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాము. పనికి ఐదుకు నాలుగు, లెక్కలకు ఒకటి ఇస్తున్నాను.